లోహపు పూత పరిశ్రమల వ్యర్థజలం: విడుదల అనుమతికి దరఖాస్తు విధానం

లోహపు వస్తువులకు జిడ్డు తీసి, ఆమ్లంలో తుప్పు వదిలించి, నికెల్, క్రోమియం, జింకు పూతలు వేసే కర్మాగారం తన వ్యర్థజలాన్ని బయటికి వదలాలంటే సాధారణంగా కాలుష్య నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. నిర్మాణం మొదలుపెట్టక ముందే దరఖాస్తు చేయండి. తొట్లు బిగించాక పైపులు మార్చడం చాలా కష్టం. నీరు మురుగు కాలువలో కలుస్తుందా, నేరుగా వాగులోకి పోతుందా అన్నది ముందే తేల్చుకోవాలి. పరిమితులు దాన్నిబట్టి మారతాయి.

దరఖాస్తుకు ప్రాణం ప్రవాహ పటం. ప్రతి తొట్టినీ, అందులోని రసాయనాన్నీ, నీరు వెళ్లే దారినీ అందులో చూపాలి. కొన్ని పూత ద్రావణాల్లో వాడే సయనైడ్ కలిసిన నీరు, ఆరు సంయోజకత గల క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) ఉన్న నీరు, ఆమ్లపు కడుగునీరు వేర్వేరు పైపుల్లో సాగాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను: సయనైడ్ నీటిలో ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వెలువడుతుంది, అది నిమిషాల్లో ప్రాణం తీయగలదు. అధికారి మెప్పు కన్నా ముందు, ఆ తొట్ల దగ్గర నిలబడే కార్మికులను తలచుకుని పటం గీయండి.

నీటి లెక్కలో రోజువారీ కడుగునీటితోపాటు, అప్పుడప్పుడు పారబోసే పాత ద్రావణాలనూ చేర్చండి. పరిమాణం తక్కువైనా వాటిలో లోహం చాలా చిక్కగా ఉంటుంది.

శుద్ధి వివరణలో ప్రతి దశకూ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే అంకె) రాయాలి. క్రోమియాన్ని 2–3 పీహెచ్ వద్ద సోడియం మెటాబైసల్ఫైట్‌తో మూడు సంయోజకతకు తగ్గించి, తర్వాత 8–9కి పెంచి హైడ్రాక్సైడ్‌గా అడుగుకు దింపుతారు. సయనైడ్‌ను 10కి పైన ఉంచి క్లోరిన్‌తో ఆక్సీకరిస్తారు. నికెల్ దిగడానికి 10 దాకా కావాలి. అక్కడ క్రోమియం కొంత తిరిగి కరిగిపోవచ్చు. కాబట్టి అన్నిటికీ ఒకే తొట్టి చాలునని రాస్తే ప్రశ్నలు తప్పవు. అమ్మోనియా, ఈడీటీఏ అనే రసాయనం వాడుతుంటే దాచవద్దు, అవి లోహాన్ని నీటిలోనే పట్టి ఉంచుతాయి.

పరీక్ష నివేదికలు జతచేయాలి. లోహాల నమూనాను నైట్రిక్ ఆమ్లంతో 2 కన్నా తక్కువ పీహెచ్‌కు తేవాలి. సయనైడ్ నమూనాకు దీనికి పూర్తిగా విరుద్ధం: సోడియం హైడ్రాక్సైడ్‌తో 12 దాటించాలి. సీసాలు తారుమారైతే ఫలితానికి విలువ ఉండదు, పైగా ప్రమాదం.

వడపోతలో మిగిలే మడ్డి చాలాచోట్ల ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. దాని నిల్వ, తరలింపులకు విడిగా అనుమతి తీసుకోవాల్సి రావచ్చు.

తనిఖీ తర్వాత వచ్చే అనుమతి పత్రంలో పరిమితులు, పరీక్షల వ్యవధి, గడువు తేదీ ఉంటాయి. పూత రసాయనం మార్చాలనుకుంటే, మార్చక ముందే అనుమతి ఇచ్చిన కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి.