బేస్ యాంప్ మోగుతోందా, గరగరమంటోందా? చెవితోనే తప్పు పట్టుకోవడం

పాట మొదలవడానికి ఐదు నిమిషాలుంది. యాంప్ ఆన్ చేశారు. స్ట్రింగ్ మీద ఇంకా వేలు పెట్టలేదు, అప్పుడే స్పీకర్‌లోంచి గుయ్యిమని మోత. ఆ టెన్షన్‌లో చేతికందిన నాబ్ అల్లా తిప్పేస్తాం. మోత తగ్గదు సరికదా, ఉన్న టోన్ కూడా పోతుంది.

నేను చర్చిలో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. ఒకసారి ఈ మోత భరించలేక యాంప్‌ను రిపేరుకిచ్చాను. రెండు వారాలు అక్కడే ఉంది. లోపల భాగాలు మార్చామన్నారు, డబ్బు కట్టాను. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే మోత. అసలు తప్పు యాంప్‌లో లేదు, ట్యూనర్ పెడల్‌కు పెట్టిన చవక అడాప్టర్‌లో ఉంది. అప్పటినుంచి శబ్దం ఎక్కడ పుడుతోందో తేలేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోను. ఇందులో బేస్ వాయించేవాళ్లకు ఒక వసతి ఉంది. కరెంటు మోత కూడా ఒక స్వరమే, అది మన ఫ్రెట్‌బోర్డు మీదే దొరుకుతుంది.

ముందు కేబుల్ పీకండి

వాల్యూమ్ తగ్గించి, కేబుల్‌ను యాంప్ వైపు నుంచి లాగేయండి. మళ్లీ వాల్యూమ్ పెంచి వినండి. చాలా యాంప్‌లలో ఇన్‌పుట్ సాకెట్ ఖాళీగా ఉన్నప్పుడు దానంతటదే గ్రౌండ్‌కు, అంటే ఎర్త్ వైపు వైరుకు, కలిసిపోతుంది. కాబట్టి మోత ఆగిపోతే తప్పు ఇవతలి వైపు, అంటే కేబుల్‌లోనో పెడల్స్‌లోనో గిటార్‌లోనో ఉంది. ఆగకపోతే యాంప్‌లోనో, దానికొచ్చే కరెంటులోనో ఉంది.

ఆగని మోత అయితే మాస్టర్ వాల్యూమ్ నాబ్‌ను సున్నాకు తిప్పండి. దాంతోపాటు మోత తగ్గితే అది ప్రీయాంప్ (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) వైపు నుంచి వస్తోంది. సున్నాలో ఉన్నా అంతే మోగుతుంటే పవర్ యాంప్ (స్పీకర్‌ను నడిపే భాగం) లేదా పవర్ సప్లై. అది మనం విప్పి చూసేది కాదు.

ఆగిన మోత అయితే పెడల్స్ అన్నీ తీసేసి, మంచి కేబుల్ ఒక్కటే పెట్టి గిటార్‌ను నేరుగా కలపండి. తర్వాత ఒక్కో పెడల్ చేర్చుకుంటూ రండి. ఏది చేరినప్పుడు మోత వచ్చిందో, తప్పు అక్కడే. పెడల్ మీద అనుమానమొస్తే దాని అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీతో నడిపి చూడండి. నాకు అసలు సంగతి తెలిసింది అలాగే.

మోత ఏ స్వరంలో ఉంది?

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అన్నిటికన్నా లావు స్ట్రింగ్ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ నోట్ 49 హెర్ట్జ్. సన్న స్ట్రింగ్‌ను ఓపెన్‌గా మీటితే వచ్చే జీ 98 హెర్ట్జ్. అంటే 50 హెర్ట్జ్ మోతకు, దాని రెట్టింపైన 100 హెర్ట్జ్ మోతకు దగ్గరి నోట్లు రెండూ మన చేతి కిందే ఉన్నాయి. ట్యూనర్‌తో శ్రుతి సరిచేసుకుని ఆ నోట్లు మెల్లగా మీటండి. నోటూ మోతా కలిసినచోట ఒక ఊపు వినిపిస్తుంది. కింది జీ దగ్గర దాదాపు సెకనుకు ఒకసారి, పై జీ దగ్గర సెకనుకు రెండుసార్లు. ఏ జీ దగ్గర ఊపు స్పష్టంగా వినిపిస్తే మోత ఆ స్వరంలో ఉన్నట్టు.

50 హెర్ట్జ్ మోత సాధారణంగా బయటి కరెంటు నేరుగా సిగ్నల్‌లోకి దూరడం వల్ల వస్తుంది. కేబుల్ షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగడం, గిటార్ లోపల గ్రౌండ్ వైరు ఊడడం, పికప్ (స్ట్రింగ్ కదలికను పట్టే అయస్కాంతపు చుట్ట) పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉండడం, గ్రౌండ్ లూప్ (దీని సంగతి కింద చెబుతాను) ఇలాంటి కారణాలు. 100 హెర్ట్జ్ మోత కొంచెం గరుకుగా ఉంటుంది. ఏసీని డీసీగా మార్చాక మిగిలిపోయే అల ఇది. దాన్ని చదును చేయాల్సిన పెద్ద కెపాసిటర్లు ఎండిపోతే పైకి వినిపిస్తుంది. పాత యాంప్, మాస్టర్ సున్నాలో ఉన్నా ఓపెన్ జీ దగ్గరి మోత ఆగడం లేదంటే ముందు అనుమానించాల్సింది ఆ కెపాసిటర్లనే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క మారుతుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. ఆ మోత ‘ఏ’ (A) స్ట్రింగ్ ఒకటో ఫ్రెట్‌కూ రెండో ఫ్రెట్‌కూ మధ్య పడుతుంది.

స్ట్రింగ్స్ ముట్టుకుంటే మోత మారుతోంది

చేయి తీస్తే మోత, స్ట్రింగ్ పట్టుకుంటే తగ్గుతుంది: గిటార్ గ్రౌండ్ బాగానే ఉంది. మన శరీరం చుట్టూ ఉన్న కరెంటు మోతను పట్టి పికప్‌లకు అందిస్తుంది, స్ట్రింగ్ ముట్టుకోగానే అది గ్రౌండ్‌కు పోతుంది. ఆ మోత మరీ ఎక్కువైతే లోపలి గుంటలకు రాగి రేకు టేపు అంటించి గ్రౌండ్‌కు కలిపితే బాగా తగ్గుతుంది.

స్ట్రింగ్ పట్టుకున్నా తగ్గదు, జాక్ లోహం పట్టుకుంటే తగ్గుతుంది: బ్రిడ్జ్ కింది గ్రౌండ్ వైరు ఊడింది. ఒక్క సోల్డరింగ్ పని.

ముట్టుకుంటే మోత పెరుగుతుంది: జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. ఈమధ్యే ఎవరైనా సోల్డరింగ్ చేసి ఉంటే ముందు అక్కడే చూడండి.

పక్కకు తిరిగితే మోత మారుతుంది: సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌ల స్వభావం ఇది. 1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్ తరహా గిటార్లలో ఇది బాగా తెలుస్తుంది. వాటిలో చాలావరకు రెండు పికప్‌లు ఎదురెదురు దిశల్లో చుట్టి ఉంటాయి కాబట్టి, రెండు వాల్యూమ్‌లూ సమంగా పెడితే మోత కొట్టుకుపోతుంది. ఒకటి కొంచెం తగ్గించినా మళ్లీ వస్తుంది. దాన్ని రిపేరుకిచ్చి డబ్బు పోగొట్టుకోవద్దు. ప్రెసిషన్ బేస్‌కు 1957 నుంచి పెడుతున్న రెండు ముక్కల పికప్‌లో ఈ బెడద లేదు.

మిక్సర్‌కు కలపగానే మోత

యాంప్ ఒంటరిగా ఉన్నప్పుడు నిశ్శబ్దం, వెనక లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కు వైరు వేయగానే మోత. ఇది గ్రౌండ్ లూప్. యాంప్ స్టేజీ మీద ఒక ప్లగ్‌లో, మిక్సర్ హాలు చివర ఇంకో ప్లగ్‌లో ఉంటాయి. రెండింటికీ ఎర్త్ ఉంది, ఇప్పుడు సిగ్నల్ కేబుల్ షీల్డ్ కూడా వాటిని కలిపింది. ఆ చుట్టలో పారే కొద్దిపాటి కరెంటే మోతగా వినిపిస్తుంది.

మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టి దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ను విడదీసేది) నొక్కండి. చాలా యాంప్‌ల వెనక కూడా ఈ స్విచ్ ఉంటుంది. అది లేకపోతే యాంప్‌కూ మిక్సర్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. మోతకు తోడు సన్నటి కీచు కూడా ఉంటే కీబోర్డు వాయించే తమ్ముడి లాప్‌టాప్ చార్జర్ ఒక్క నిమిషం తీయించండి. చాలాసార్లు దాంతోనే ఆగిపోతుంది.

మూడు పిన్నుల ప్లగ్‌లో లావు పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం మాత్రం చేయకండి. ఎవరు చెప్పినా చేయకండి. మోత నిజంగానే ఆగుతుంది, కానీ దాంతోపాటు మీ ప్రాణానికి ఉన్న రక్ష కూడా పోతుంది.

స్ట్రింగ్స్ జివ్వుమంటున్నాయి, మైక్ పెదవికి తగిలితే షాక్

ఇక్కడ వాయించడం ఆపేయాలి. పాట మధ్యలో ఉన్నా సరే. బేస్ వాయిస్తూ పాడేవాళ్లకు ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చేతులు యాంప్ గ్రౌండ్ మీద, పెదవి మిక్సర్ గ్రౌండ్ మీద ఉంటాయి. ఒకదానికి ఎర్త్ లేకపోతే తేడా అంతా మన ఒంట్లోంచే పోతుంది.

ఊళ్లలో ఆరుబయట సభలకు వెళ్లినప్పుడు నేను మొదట చూసేది ఎక్స్‌టెన్షన్ బాక్స్. సాకెట్లు మూడు రంధ్రాలవే ఉంటాయి, లోపలికి వచ్చే తీగ మాత్రం రెండు వైర్లదే. అంటే ఎర్త్ లేనే లేదు. యాంప్ ప్లగ్ చక్కగా దూరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. జనరేటర్ దగ్గర కూడా ఇదే పరిస్థితి. భూమిలో ఎర్త్ రాడ్ దిగ్గొట్టారా అని మొహమాటపడకుండా అడగండి. ఎలక్ట్రీషియన్ ఉంటే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమనండి. 230 దరిదాపుల్లో రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు సున్నా రావాలి. అంకె ఎటూ కాకుండా ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. మైక్ పట్టుకునే ముందు, మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక మొన స్ట్రింగ్‌కు, రెండో మొన మైక్ జాలీకి ఆనించి చూడండి. చెప్పుకోదగ్గ వోల్టేజీ కనిపిస్తే, అది సరయ్యేదాకా మైక్ దగ్గరికి పోవద్దు.

చిటపట, గరగర

కేబుల్ కదిపితే చిటపట: ప్లగ్ దగ్గర సోల్డరింగ్ వదిలింది, లేదా గిటార్ జాక్ నట్ లూజైంది. నట్ బిగించేటప్పుడు వెనక జాక్‌ను చేత్తో పట్టుకోండి. లేకపోతే అది తిరిగిపోయి వైర్లు తెగుతాయి.

నాబ్ తిప్పితే గరగర: లోపల దుమ్ము చేరింది. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, పవర్ ఆఫ్‌లో నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవైసార్లు తిప్పండి. ఈ క్లీనర్ హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు, కొబ్బరినూనె వాడకండి, జిడ్డు మిగిలి దుమ్మును ఇంకా పట్టిస్తాయి. గిటార్ నాబ్‌లైతే ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. యాంప్ నాబ్‌లకు పెట్టె విప్పాల్సి వస్తే షాపుకివ్వండి. శుభ్రం చేశాక కూడా గరగర పోకపోతే ఆ నాబ్‌లోకి డీసీ కారుతోందని అర్థం, ఏదో కెపాసిటర్ మార్చాలి.

ఉన్నట్టుండి శబ్దం తగ్గుతుంది, గట్టిగా ఒక నోట్ కొడితే మళ్లీ వస్తుంది: ఎఫెక్ట్స్ లూప్ (పెడల్స్ కలపడానికి వెనక ఉండే సెండ్, రిటర్న్ జాక్‌లు) ఉన్న యాంప్‌లలో దీన్ని నేను చాలాసార్లు చూశాను. వాడని రిటర్న్ జాక్ లోపలి రేకు మకిలి పట్టి ఉంటుంది. సెండ్ నుంచి రిటర్న్‌కు చిన్న కేబుల్ వేయండి. తగ్గడం ఆగిపోతే అదే కారణం.

యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే ఇవన్నీ చూడకముందే 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. అది అయిపోవస్తే గట్టిగా కొట్టిన నోట్లు చిరిగినట్టు వినిపిస్తాయి. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది, వాయించకపోయినా సరే.

ఒక్క నోట్ దగ్గరే అదురు

ఓపెన్ ‘ఏ’ (A) స్ట్రింగ్ మీటితే జర్రుమంటోంది, పక్క నోట్లు శుభ్రంగా ఉన్నాయి. స్పీకర్ పోయిందని దిగులు పడకండి. ఒక్క నోట్ దగ్గరే అదిరేది చాలావరకు లూజుగా ఉన్న వస్తువు. ఓపెన్ ఏ అంటే 55 హెర్ట్జ్, ఆ వేగానికి ఊగే వస్తువేదో దగ్గర్లో ఉంది. మా ఇంట్లో అది బీరువా తలుపుకు వేలాడే తాళాల గుత్తి. ఇంకో ఇంట్లో వంటింటి అటక మీది స్టీలు గిన్నెలు. చర్చిలో అయితే వెనకున్న స్నేర్ డ్రమ్ తీగలు.

యాంప్‌ను ఆరుబయటకు తీసుకెళ్లి అదే నోట్ వాయించండి. అదురు పోతే తప్పు గదిది. పోకపోతే ఒకరు ఆ నోట్ మీటుతుంటే, ఇంకొకరు ముందున్న జాలీ, హ్యాండిల్, మూలల తొడుగులు, వెనక ప్యానెల్ ఒక్కోటి అరచేత్తో అదిమి చూడాలి. అదిమినప్పుడు ఏది ఆగితే దాని స్క్రూ బిగించండి. జాలీ కింద సన్నటి ఫోమ్ పట్టీ పెడితే చాలు. స్పీకర్ స్క్రూలు మాత్రం వరసగా కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే లాగి బిగిస్తే ఫ్రేమ్ వంకర పోయి, లేని సమస్య వస్తుంది.

కింది నోట్లన్నీ గీరుతున్నాయి

ఇక్కడ స్పీకర్‌నే చూడాలి. యాంప్ ఆపి, కోన్‌ను రెండు వైపులా వేలి కొసలతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. సరసరమని రాపిడి వినిపిస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) పక్కకు జరిగింది, లేదా వేడికి ఉబ్బింది. స్పీకర్ వైరు విప్పి మల్టీమీటర్‌తో చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్ సుమారు 6 ఓమ్‌లు చూపిస్తుంది, 4 ఓమ్‌లది సుమారు 3. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగింది. రీకోనింగ్ (కోన్, కాయిల్ కొత్తవి వేయడం) చేసేవాళ్లు చాలా పట్టణాల్లో ఉన్నారు, సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చేవాళ్లను అడిగితే చెబుతారు. కోన్ అంచు మీది చిన్న చిరుగుకు మాత్రం పల్చటి కాగితం, ఆరాక కూడా వంగే జిగురు చాలు.

రాపిడి లేదు, అయినా ఐదు స్ట్రింగ్‌ల బేస్ మీద కింది బీ కొడితే ఫర్రుమంటోంది. ఆ నోట్ 31 హెర్ట్జ్. చిన్న 8 అంగుళాల స్పీకర్‌కు అది శక్తికి మించిన పని. బేస్ నాబ్ తగ్గించి మిడ్ కొంచెం పెంచండి. హాల్లో మీ నోట్ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

చిన్న చిన్నవి

బుస్సుమనే శబ్దం: గెయిన్ బాగా పెంచి మాస్టర్ తగ్గించారేమో చూడండి. క్యాబినెట్ వెనక ట్వీటర్ నాబ్ ఉంటే తగ్గించండి.

డిడిట్ డిడిట్ అని తెగి తెగి వచ్చే బజ్: యాంప్ మీద ఎవరో ఫోన్ పెట్టారు.

లైట్లు డిమ్ చేస్తే వచ్చే జుమ్: డిమ్మర్, ఫ్యాన్ రెగ్యులేటర్ లైను నుంచి కాకుండా వేరే ప్లగ్ నుంచి కరెంటు తీసుకోండి.

ట్యూబ్ యాంప్‌లో తట్టినప్పుడల్లా టింగుమనే శబ్దం: ప్రీయాంప్ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయింది, అంటే అదురును కూడా శబ్దంగా పట్టేస్తోంది, మార్పించాలి. ఇలాంటి యాంప్‌ను స్పీకర్ కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. ఏ యాంప్ అయినా పెట్టె విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో చంపేసేంత కరెంటు మిగిలి ఉంటుంది.

ఆన్ చేయగానే పెద్ద మోత, కోన్ ముందుకు పొడుచుకొచ్చి అక్కడే నిలిచిపోవడం: వెంటనే ఆపేయండి. అవుట్‌పుట్‌లోంచి డీసీ వస్తోంది, ఇంకాసేపు ఉంచితే స్పీకర్ కూడా కాలిపోతుంది.

షాపుకు ఇచ్చేటప్పుడు

ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి యాంప్‌కు అంటించండి. కేబుల్ పీకితే మోత ఆగుతోందా, మాస్టర్ సున్నాలో ఉన్నా ఉంటోందా, మోత ఏ జీ నోట్‌కు దగ్గరగా ఉంది, ఆన్ చేసిన వెంటనే వస్తోందా లేక వేడెక్కాకా. ఆన్ చేసిన అరగంటకు మొదలయ్యే తప్పు షాపులో రెండు నిమిషాలు పెట్టి చూస్తే దొరకదు, అందుకే ఆ నాలుగోది తప్పకుండా రాయండి.