ఇంటర్ పరీక్షల టెన్షన్: ప్రీఫైనల్స్ నాటికే నేర్పాల్సిన జాగ్రత్తలు

మార్చిలో పరీక్షా కేంద్రం గేటు దగ్గర "టెన్షన్ పడకురా" అనని తల్లిదండ్రులు ఉండరు. ఆ మాటతో టెన్షన్ తగ్గిన పిల్లాణ్ని మాత్రం నేను చూడలేదు. కంగారును అదుపులో పెట్టుకోవడం కూడా లెక్కల్లాగే నేర్పాలి, సాధన చేయించాలి. గేటు దగ్గర మొదలుపెడితే యుద్ధకాలే శస్త్రాభ్యాసమే. జనవరి, ఫిబ్రవరిలో స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్స్ ఎలాగూ ఉంటాయి. అక్కడే చేయించండి.

ముందు ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదలాలి. వదిలే సేపు ఎక్కువ ఉండటమే కిటుకు, గుండె వేగం తగ్గేది అప్పుడే. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని చెప్పొద్దు. గబగబా పీలిస్తే తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి భయం ఇంకా పెరుగుతుంది. రోజూ స్టడీ అవర్ మొదట్లో 3 నిమిషాలు చాలు. ఊపిరిని గమనిస్తేనే కంగారు పడే పిల్లలూ ఉంటారు. వాళ్లను బలవంతపెట్టకుండా, అరికాళ్లు నేలకు ఆనించి ఫ్యాను చప్పుడు వినమనండి.

పేపరు చూడగానే చదివిందంతా పోయినట్టు అనిపిస్తుంది చూడండి, అసలు గండం అదే. నిజానికి ఏదీ పోదు, గుర్తుతెచ్చుకోవాల్సిన బుర్రను బెంగ ఆక్రమిస్తుంది. పెన్ను కింద పెట్టి, మూడుసార్లు మెల్లగా ఊపిరి వదిలి, వచ్చిన 2 మార్కుల ప్రశ్న ఒకటి వెతికి రాయాలి. లెక్చరర్లు వీకెండ్ టెస్టులో పేపరిచ్చాక మొదటి నిమిషం ఎవరినీ రాయనివ్వకుండా దీన్ని అలవాటు చేయొచ్చు. "టైం వేస్ట్ సార్" అంటారు, అననివ్వండి.

పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన పిల్లల్లో, బాగా కంగారుపడేవాళ్లకు మార్కులు మెరుగయ్యాయని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించారు. అందరికీ అలాగే జరుగుతుందని చెప్పలేం గానీ ఖర్చు ఒక రఫ్ పేపరే. దాన్ని ఎవరూ చదవకూడదు. నాన్న చూస్తాడంటే పిల్లాడు నిజం రాయడు.

రాత్రి టీలు తాగించి మేల్కొల్పకండి. పరీక్ష రాసి రాగానే "ఎన్ని వదిలేశావ్?" అని పోస్ట్‌మార్టం పెట్టకండి.

వీటికీ ఒక హద్దుంది. వరసగా నిద్రపోకపోయినా, తిండి మానేసినా, "నేను లేకపోతే మీకు పీడా వదులుతుంది" లాంటి మాట వచ్చినా ఊపిరి కసరత్తులతో సరిపెట్టకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. దగ్గరలోని మానసిక వైద్యుడికీ చూపించండి.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. అందుకే ఫలితాల రోజు ఇంట్లో ఒకరు సెలవు పెట్టి ఉండాలి. సబ్జెక్టు పోయినా సప్లిమెంటరీ రాయొచ్చని, ఏడాది పోదని ఇప్పుడే, పరీక్షలకు ముందే చెప్పి ఉంచండి.