సైడ్‌స్కాన్ సోనార్ నేర్చుకుందాం - 3వ పాఠం: నీడను కొలవడం

సైడ్‌స్కాన్ సోనార్ అంటే రెండు పక్కలకూ శబ్దం పంపి, వచ్చిన ప్రతిధ్వనులతో నీటి అడుగు బొమ్మ గీసే పరికరం. పోయిన పాఠంలో పింగుల, అంటే అది పంపే శబ్దాల లెక్క అయింది. రేంజ్ (ఒక్కో పక్క ఎంత దూరం చూడాలన్నది) 75 మీటర్లు పెడితే శబ్దం పోయి రావాల్సిన దూరం 150 మీటర్లు. నీటిలో దాని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు కాబట్టి సెకనుకు 10 పింగులకు మించి రావు. ఇవాళ అసలు పని మొదలుపెడదాం.

సముద్రం లేని హైదరాబాదులో ఈ విద్య ఎందుకని కొందరు అడుగుతున్నారు. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరికలు మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి కూడా వెళ్తాయి మరి! ఫిష్‌ను (సోనార్ అమర్చిన పరికరాన్ని) కేబుల్‌కి కట్టి నీళ్లలో లాగేది ఓడ మీదే అయినా, రికార్డు చూసి ఏది రాయి, ఏది గుంట అని తేల్చే పని ఎక్కడైనా కూర్చుని చేయొచ్చు.

కొత్తవాళ్లు బొమ్మలో తళతళలాడే మచ్చనే చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది దాని వెనకున్న నలుపు, అంటే శబ్దం తగలని చోట పడే నీడ. మచ్చ చెప్పేది ప్రతిధ్వని ఎంత గట్టిగా వచ్చిందన్నదే. వస్తువు ఎత్తు, ఆకారం నీడలోనే ఉంటాయి. కరెంటు పోయినప్పుడు టార్చిని నేలకు దగ్గరగా పట్టుకుంటే చిన్న గిన్నెకు కూడా బారెడు నీడ పడుతుంది చూడండి, ఇదీ అంతే. అయితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో రంగులు తిరగబడి, నీడ తెల్లగా ఉంటుంది. ఫైలు తెరవగానే ఆ సెట్టింగ్ చూసుకోండి.

బొమ్మ మధ్యలో నిలువుగా ఒక నల్లటి పట్టీ ఉంటుంది. అది నీడ కాదు, ఫిష్‌కీ అడుగుకీ మధ్య ఉన్న నీరు. మధ్య గీత నుంచి అడుగు మొదటిసారి కనిపించే అంచు దాకా కొలిస్తే, అడుగు నుంచి ఫిష్ ఎంత ఎత్తులో ఉందో వస్తుంది. దీన్నే ఆల్టిట్యూడ్ అంటారు.

ఇక లెక్క. నీడ పొడవును ఆల్టిట్యూడ్‌తో గుణించి, ఫిష్ నుంచి నీడ చివర వరకున్న ఏటవాలు దూరంతో భాగించాలి. ఆల్టిట్యూడ్ 8 మీటర్లు, నీడ 24 దగ్గర మొదలై 32 దగ్గర ఆగింది అనుకుందాం. నీడ పొడవు 8. ఎనిమిది ఎనిమిదులు 64, దాన్ని 32తో భాగిస్తే 2. వస్తువు ఎత్తు 2 మీటర్లు. స్లాంట్ రేంజ్ దిద్దని, అంటే ఏటవాలు దూరాలను నేల మీది దూరాలుగా మార్చని బొమ్మ మీదే కొలవాలి, దిద్దాక కొలిస్తే ఈ సూత్రం పనికిరాదు.

అదే వస్తువును అంతే దూరం నుంచి, ఫిష్‌ను 16 మీటర్ల ఎత్తులో పెట్టి చూస్తే నీడ 3.4 మీటర్లకు కుంచించుకుపోతుంది. అందుకే ఆల్టిట్యూడ్‌ను రేంజ్‌లో 10 నుంచి 20 శాతం మధ్య ఉంచుతారు. ఇంకో మాట: ఈ సూత్రం అడుగు చదునుగా ఉందని నమ్ముతుంది. అడుగు అవతలికి పల్లంగా వాలితే నీడ సాగి, వస్తువు ఉన్నదానికంటే ఎత్తుగా తేలుతుంది.

గుంటనూ దిబ్బనూ కలగాపులగం చేయకండి. ఫిష్ వైపు నుంచి చూస్తూ పోతే దిబ్బకు ముందు వెలుగు, తర్వాత నీడ. గుంటకు ముందు నీడ, తర్వాత వెలుగు. వస్తువుకూ నీడకూ మధ్య ఖాళీ ఉంటే అది అడుగును తాకడం లేదన్నమాట. చాలాసార్లు చేపే అయి ఉంటుంది, టెన్షన్ అక్కర్లేదు.

ఇంటిపని. మొదటిది: ఆల్టిట్యూడ్ 5, నీడ 15 నుంచి 20 వరకు. ఎత్తెంత?

రెండోది: 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో మునిగిన బుద్ధవిగ్రహం 1992 డిసెంబరులో గానీ పైకి రాలేదు. మెత్తటి బురద మీద అంత పెద్ద గ్రానైట్ శిల వెల్లకిలా పడి ఉందనుకుని, పడవ దాని పక్కనుంచి పోతే ఎలాంటి బొమ్మ వస్తుందో కాగితం మీద గీయండి. తర్వాత అదే శిల సగం బురదలో కూరుకుపోయిందనుకుని ఇంకోటి గీయండి. రెండు బొమ్మల్లో నీడ పొడవు ఎందుకు మారిందో పక్కన ఒక్క ముక్క రాయండి. జవాబులు 4వ పాఠం మొదట్లో.