భిన్నాల భాగహారంలో తెలియని సంఖ్య: ముందు అది ‘ను’ పక్కనుందా, ‘తో’ పక్కనుందా చూడండి

భిన్నాలతో భాగహారం కనబడగానే చాలామంది పిల్లలు, అప్పుడప్పుడు పెద్దవాళ్లు కూడా, వెంటనే తిరగేసి గుణించడం మొదలుపెడతారు. లెక్క సాధారణంగా తప్పేది అక్కడే. తెలియని సంఖ్యను కనుక్కోమన్నప్పుడు పెన్ను కదిపే ముందు చూడాల్సింది ఒకటి ఉంది. ఆ సంఖ్యను భాగిస్తున్నారా, ఆ సంఖ్యతో భాగిస్తున్నారా? భాగిస్తున్నది ఆ సంఖ్యనే అయితే అది విభాజ్యం. ఆ సంఖ్యతో భాగిస్తుంటే భాజకం. రెంటికీ దారులు వేరు.

ఈ రెండు ప్రశ్నలు చూడండి:

ఏ సంఖ్యను 5/6 తో భాగిస్తే 10/3 వస్తుంది?
ఏ సంఖ్యతో 5/6 ను భాగిస్తే 10/3 వస్తుంది?

మాటలన్నీ అవే, వరస కూడా అదే. ‘ను’, ‘తో’ మాత్రం చోట్లు మార్చుకున్నాయి. మొదటిదానికి జవాబు 25/9, రెండోదానికి 1/4. తెలుగులో మాటల వరస మార్చినా అర్థం మారదు కాబట్టి, వాక్యంలో ముందొచ్చినదాన్ని ముందు రాసుకుంటూ పోతే దెబ్బతింటాం. ‘ను’ తగిలింది ÷ గుర్తుకు ఎడమవైపు, ‘తో’ తగిలింది కుడివైపు రాయాలి. తెలియని సంఖ్యను ఇక్కడ ‘స’ అందాం, నోటుపుస్తకంలో ఎక్స్ అని రాసుకోండి. మొదటి ప్రశ్న స ÷ 5/6 = 10/3 అవుతుంది, రెండోది 5/6 ÷ స = 10/3.

ఇప్పుడు బట్టల కొట్టుకు వెళ్దాం. జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు అనుకుంటే, అది మీటరులో 4/5. 20 మీటర్ల తానులో ఎన్ని ముక్కలొస్తాయి? మీటరును 5 సమభాగాలు చేస్తే ముక్కకు 4 భాగాలు పోతాయి. అంటే ఒక్క మీటరులో ఒక ముక్క, పైన ఇంకో ముక్కలో పావు వంతు, మొత్తం 5/4 ముక్క. 20 మీటర్లకు 20 × 5/4 = 25. భాజకాన్ని తిరగేయడం అనేది ఇదే. 4/5 కు వ్యుత్క్రమమైన 5/4, ‘మీటరుకు ఎన్ని ముక్కలు’ అని చెబుతోంది. ఈ సంగతి పట్టుబడితే మిగతావన్నీ దీంట్లోంచే వస్తాయి.

తాను పొడవు తెలియదనుకోండి. ముక్క 4/5 మీటరు, 25 ముక్కలు వచ్చాయి: స ÷ 4/5 = 25. కొట్టులో కత్తెర పట్టినవాళ్లెవరైనా 25 × 4/5 = 20 మీటర్లు అనేస్తారు. ఏదీ తిరగేయరు. అదే కాగితం మీద ఇస్తే 25 × 5/4 అని రాసి 31¼ తెచ్చేవాళ్లు బోలెడుమంది. కారణం, ‘భాగహారం అంటే తిరగేయాలి’ అన్న మాట మనసులో గట్టిగా పడిపోవడం. తీరుగా చేస్తే ఏమవుతుందో చూడండి. భాగహారాన్ని గుణకారంగా మారిస్తే స × 5/4 = 25. ఆ 5/4 ను అవతలి పక్షానికి పంపేటప్పుడు అది మళ్లీ తిరగబడి 4/5 అవుతుంది. రెండుసార్లు తిరగేస్తే మొదటికే వస్తుంది కాబట్టి, విభాజ్యం తెలియనప్పుడు అసలు తిరగేయనక్కర్లేదు. భాగఫలాన్ని భాజకంతో నేరుగా గుణించండి.

ఇక్కడ అంచనా కూడా బాగా పనికొస్తుంది. 1 కన్నా చిన్న భిన్నంతో భాగిస్తే జవాబు పెరుగుతుంది. పెరిగి 25 అయిందంటే మొదటి సంఖ్య 25 కన్నా తక్కువ ఉండాలి. 31¼ తప్పని లెక్క చెయ్యకుండానే తెలుస్తుంది.

తాను 20 మీటర్లని, ముక్కలు 25 అని తెలిసి, ముక్క కొలత తెలియకపోతే 20 ÷ స = 25. అసలు గండం ఇక్కడుంది. ‘పక్షం మారితే భాగహారం గుణకారమవుతుంది’ అని నేర్చుకున్న పిల్లలు స = 25 × 20 = 500 అని రాస్తారు. 20 మీటర్ల తానులోంచి 500 మీటర్ల ముక్క! పక్షాంతరం సూత్రంలో తప్పు లేదు, దేనికి వాడామన్నదే తప్పు. ÷ గుర్తు తగిలింది 20 కి కాదు, స కు. కాబట్టి పక్షం మారాల్సింది స: 20 = 25 × స. అప్పుడు స = 20/25 = 4/5. భాజకం తెలియనప్పుడు విభాజ్యాన్ని భాగఫలంతో భాగించాలి.

అన్నీ భిన్నాలే అయితే: 3/4 ÷ స = 9/2. పై మాట ప్రకారం స = 3/4 ÷ 9/2 = 3/4 × 2/9 = 6/36 = 1/6. ఇక్కడ తిరగేయక తప్పదు, కానీ తిరగేసింది భాగఫలాన్ని. పొరపాటున 3/4 ను తిరగేస్తే 4/3 × 9/2 = 6 వస్తుంది, సరైన జవాబుకు సరిగ్గా వ్యుత్క్రమం. సరిచూసేటప్పుడు మీ జవాబు తలకిందులుగా కనిపిస్తే, తిరగేయాల్సింది వదిలేసి పక్కదాన్ని తిరగేశారన్నమాట.

కొట్టివేతల సంగతి. 5/6 ÷ 10/3 లో గుర్తు మార్చకముందే ఐమూలగా 6 నీ 10 నీ 2 తో కొట్టేస్తే 5/3 ÷ 5/3 = 1 అని వస్తుంది. తప్పు. ముందు 5/6 × 3/10 అని రాసుకుని, అప్పుడు 5 నీ 10 నీ, 3 నీ 6 నీ కొట్టండి: 1/4. ఐమూల కొట్టివేత గుణకారంలోనే చెల్లుతుంది.

మిశ్రమ భిన్నం కనిపిస్తే మరో ఆలోచన లేకుండా అపక్రమ భిన్నంగా మార్చేయండి. స ÷ 1¾ = 2⅖ అంటే స = 7/4 × 12/5 = 84/20 = 21/5, అంటే 4⅕. పూర్ణాంకాలను విడిగా, భిన్నాలను విడిగా గుణిస్తే 2, 3/10 వచ్చి 2 3/10 అవుతుంది. ‘ఒకటీ ముప్పావు దాదాపు రెండు, అవతలిది రెండున్నరకు కాస్త తక్కువ, జవాబు నాలుగు దాటి ఉండాలి’ అని ఒక్క క్షణం అనుకుంటే 2 3/10 నిలవదు.

తెలియని సంఖ్యకు ముందు ఏదో కలిపి, తర్వాత భాగించే లెక్కలూ వస్తాయి. ఒక సంఖ్యకు అర కలిపి, వచ్చినదాన్ని 2/3 తో భాగిస్తే 6 వచ్చింది. చివరినుంచి వెనక్కి నడవండి: 6 × 2/3 = 4, 4 − ½ = 3½. గుణకారం ఉన్నచోట భాగహారం, కూడిక ఉన్నచోట తీసివేత పెట్టుకుంటూ వెనక్కి రావడాన్ని ఆర్యభటుడు 499లోనే సూత్రంగా చెప్పాడు. కాకపోతే ఈ నడక, స భాజకం కానప్పుడే సూటిగా పనిచేస్తుంది. స రెండు పక్షాల్లోనూ ఉంటే, ఉదాహరణకు స ÷ 2/3 = స + 4 అయితే, వెనక్కి నడవడం కుదరదు. 3/2 స = స + 4 అని రాసుకుని స లను ఒకవైపు చేర్చండి. ½ స = 4, స = 8.

ఫోన్ కాలిక్యులేటర్‌లో సరిచూసేవాళ్లు ఒకటి గమనించాలి. 6 ÷ 3/4 అని అలాగే నొక్కితే 0.5 చూపిస్తుంది, ఎందుకంటే అది ముందు 6 ను 3 తో, తర్వాత వచ్చిన 2 ను 4 తో భాగిస్తుంది. 6 ÷ (3/4) అని బ్రాకెట్ పెడితేనే 8 వస్తుంది. కాగితం మీద కూడా ఇంతే. భిన్నం కింద భిన్నం రాసేటప్పుడు అసలు భాగహారపు గీతను మిగతా గీతలకన్నా పొడుగ్గా గీయండి, లేకపోతే నాలుగు అంకెలు ఒకదానికింద ఒకటి నిలబడి ఏది లవమో ఏది హారమో మీకే తెలియదు.

స ÷ 3/4 = 0 అని ఇస్తే జవాబు 0. 3/4 ÷ స = 0 అని ఇస్తే జవాబే ఉండదు, ఏ సంఖ్యతో భాగించినా 3/4 సున్నా కాదు. అలాంటి ప్రశ్నకు ‘సాధన లేదు’ అని రాయండి, 0 అని కాదు.