ఓవర్‌క్లాకింగ్‌కి బోర్డు కొనేముందు: డబ్బా మీది అంకెలు కాదు, ఆంపియర్లు లెక్కపెట్టండి

ప్రాసెసర్‌ని దాని మామూలు వేగానికి మించి నడపాలనుకోగానే (ఓవర్‌క్లాకింగ్ అంటే అదే) అందరి దృష్టీ కూలర్ మీదికే పోతుంది. మదర్‌బోర్డు మాత్రం సాకెట్ సరిపోతే చాలనుకుని కొనేస్తారు. తీరా లోడ్ పెట్టాక ముందు చేతులెత్తేసేది చాలాసార్లు ఆ బోర్డే.

మొదట చిప్‌సెట్, అంటే బోర్డు ఏమేం చేయనిస్తుందో తేల్చే చిప్. ఇక్కడ పొరపడితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ఇంటెల్‌లో పేరు చివర ‘కె’ ఉన్న ప్రాసెసర్, జడ్ సిరీస్ బోర్డు, రెండూ ఉంటేనే కోర్ మల్టిప్లయర్ (ప్రాసెసర్ కోర్ల వేగాన్ని నిర్ణయించే గుణకం) కదులుతుంది. 12, 13, 14 తరాలకు జడ్690, జడ్790; కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి జడ్890. బి760 బోర్డు ర్యామ్ వేగం పెంచుకోనిస్తుంది గానీ కోర్ల జోలికి రానివ్వదు. ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో బి650, బి850, ఎక్స్670, ఎక్స్870 పనికొస్తాయి. ఏ620, బి840 వద్దు. రైజెన్ 7 7800ఎక్స్3డి లాంటి చిప్‌కి మల్టిప్లయర్ లాక్ ఉంటుంది కాబట్టి, ఎంత ఖరీదైన బోర్డు పెట్టినా అది తెరుచుకోదు.

ఇక అసలు సంగతి వీఆర్‌ఎం (వోల్టేజ్ రెగ్యులేటర్ మాడ్యూల్). పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కి కావలసిన ఒకటింబావు వోల్టు దగ్గరికి దించేది ఇదే. 1.25 వోల్టుల దగ్గర 250 వాట్లు తాగే ప్రాసెసర్‌కి 200 ఆంపియర్లు అందాలి. వీఆర్‌ఎం సామర్థ్యం 90 శాతం అనుకున్నా, దాదాపు 28 వాట్లు అక్కడికక్కడే వేడైపోతాయి. సాకెట్ పక్కన చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆపకుండా వెలుగుతున్నట్టే లెక్క.

అదే 200 ఆంపియర్లను 8 పవర్ స్టేజీలు (వీఆర్‌ఎంలో కరెంటు మోసే చిప్‌లు) పంచుకుంటే ఒక్కోదాని మీద 25 పడతాయి, 16 పంచుకుంటే పన్నెండున్నర. రెసిస్టెన్స్ వల్ల పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే అదే రకం స్టేజీలు రెట్టింపు ఉంటే ఆ వేడి మొత్తం మీద సగానికి తగ్గుతుంది. డబ్బా మీద ‘14+2+1’ అని ఉంటే చూడాల్సింది మొదటి అంకె. కోర్లకు కరెంటిచ్చేవి అవే. ఆ ఒక్క అంకెతోనే ఆగిపోకండి, ఒక్కో స్టేజీ 50 ఆంపియర్లదా, 90దా అనేది కూడా స్పెసిఫికేషన్లలో వెతకండి. వీఆర్‌ఎం మీది హీట్‌సింక్ రెక్కలున్న బరువైన లోహమై ఉండాలి. మెరిసే ప్లాస్టిక్ తొడుగు వేడిని బయటికి పంపదు సరికదా, లోపలే కప్పిపెడుతుంది.

వాటర్ కూలింగ్ పెట్టేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఎయిర్ కూలర్ ఫ్యాన్ వల్ల సాకెట్ చుట్టూ కాస్త గాలి ఆడుతుంది. నీళ్ల బ్లాక్ పెడితే అదీ పోతుంది. కేసు వెనక ఒక ఫ్యాన్ తప్పనిసరి.

బోర్డు పైమూలలో ఉండే 8 పిన్నుల సీపీయూ కనెక్టర్‌లోకి గ్రాఫిక్స్ కార్డు కేబుల్ దూర్చకండి. ఆకారం దగ్గరగానే ఉన్నా 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారు. బలవంతంగా నొక్కితే షార్టే. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే వీలున్న) పవర్ సప్లై అయితే దాని డబ్బాలో వచ్చిన కేబుళ్లే వాడాలి, వేరే మోడల్‌వి కాదు.

బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) సెట్టింగులను మొదటికి తెచ్చే సీమాస్ క్లియర్ బటన్, ప్రాసెసర్ లేకున్నా పెన్‌డ్రైవ్‌తో బయాస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్, ఎర్రర్ కోడ్ చూపే చిన్న తెర ఉన్న బోర్డయితే పని సుఖం. సెట్టింగ్ తప్పి తెర నల్లబడ్డ రోజున వీటి విలువ తెలుస్తుంది. డీడీఆర్5 ర్యామ్ పెట్టాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్‌కి (బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడానికి) కొన్ని నిమిషాలు పట్టొచ్చు. పోయిందనుకుని మధ్యలో ఆపేయకండి.

దేన్నీ పెంచకముందే బయాస్ అప్‌డేట్ చేయండి. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డి చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయాక, ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది బయాస్ అప్‌డేట్‌తోనే. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు అస్థిరంగా మారిన సమస్యకి 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) దిద్దుబాట్లు వచ్చిందీ ఆ దారినే. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, యూపీఎస్ మీద పెట్టుకోండి.

వోల్టేజీని ‘ఆటో’లో వదిలి మల్టిప్లయర్ ఒక్కటే పెంచితే, కొన్ని బోర్డులు అవసరానికి మించి పోసేస్తాయి. మీరే అంకె వేయండి. 5.0 నుంచి 5.3 గిగాహెర్ట్జ్‌కి వెళ్లడానికి 1.20 వోల్టులను 1.35 చేశారనుకుందాం: వేగం పెరిగింది 6 శాతం, విద్యుత్తు దాదాపు 34 శాతం. లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ జారకుండా చూసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ని చివరి మెట్టుకి నెట్టకండి. లోడ్ తగ్గిన క్షణంలో వోల్టేజీ ఎగదన్నుతుంది, ఆ ఎగుడు మామూలు సాఫ్ట్‌వేర్‌లో కనిపించదు. మధ్య మెట్టు చాలు.

పరీక్షకి పది నిమిషాలు సరిపోవు. ప్రాసెసర్ క్షణాల్లో వేడెక్కుతుంది గానీ వీఆర్‌ఎం హీట్‌సింక్ నిదానంగా కాగుతుంది. అరగంట లోడ్ పెట్టి, ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో వీఆర్‌ఎం లేదా మాస్ (MOS) అని ఉన్న వరుస చూడండి. 100 డిగ్రీలు దాటుతుంటే ఆపి, ముందు వోల్టేజీ దించండి.