పునాది వైపు చెట్టు వేర్లు వస్తున్నాయా? గొడ్డలి పట్టే ముందు ఇవి చేయండి

బెంగళూరులో 30x40 సైటులో ఇల్లు కట్టుకున్న మన వాళ్లకి గేటు పక్కన కానుగో, తురాయో ఉండటం మామూలే. గోడలో బీట కనబడగానే నేరం చెట్టు మీద పడుతుంది. తొందరపడకండి. వేరు గట్టి కాంక్రీటును పొడుచుకుని లోపలికి పోలేదు. తేమ వైపు సాగి, అప్పటికే ఉన్న సందులో దూరి, లావెక్కుతూ దాన్ని పెద్దది చేస్తుంది. బంకమన్నులో అయితే వేర్లు తేమ పీల్చేసి నేల కుంగుతుంది. ఇక్కడి ఎర్రమట్టిలో ఆ బాధ తక్కువ. కాబట్టి ముందు నీళ్లు ఎక్కడ కారుతున్నాయో వెతకాలి.

మొదట బీటకి రెండు కొసల్లో పెన్సిల్‌తో అడ్డగీత గీసి, తేదీ, వెడల్పు రాసి, నెలకోసారి చూడండి. ప్లాస్టరు మీది సన్న గీతలకి టెన్షన్ అక్కర్లేదు. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటినా, బీట మెట్లు మెట్లుగా పెరుగుతున్నా, తలుపులు బిగుసుకుంటున్నా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. మేస్త్రీ మాటతో సరిపెట్టుకోవద్దు.

తర్వాత సంపు. రాత్రి మోటారు ఆపి, నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే సంపు కారుతున్నట్టే. డ్రైనేజీ ఛాంబర్ల మూతలు తీసి, పైపు జాయింట్లలో జడలా అల్లుకున్న వేర్లున్నాయేమో చూడండి. లీకు బాగు చేయకుండా వేరు కోస్తే అది మళ్లీ అక్కడికే వస్తుంది.

లీకులు ఆగాక, పునాదికి అడుగు దూరంలో మెల్లగా, చేత్తోనే రెండడుగుల లోతు తవ్వించండి. పునాది అట్టడుగు కంటే కిందికి పోవద్దు. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటాయి. వేలి లావు వేర్లను పదునైన రంపంతో కోయొచ్చు. రెండంగుళాలు దాటినవి చెట్టును నిలబెట్టేవి, ముట్టుకోవద్దు. ఒకవైపు వేర్లన్నీ కోసేస్తే ఏప్రిల్, మే గాలివానలకి ఆ చెట్టు ఇంటి మీదో, దారిన పోయే మనిషి మీదో పడుతుంది. ఇక్కడ ఖర్చుకి వెనకాడకండి, చెట్ల సంగతి తెలిసినవాళ్లకి చూపించాకే రంపం పట్టండి.

వేర్లు మళ్లీ ఇటు రాకుండా, తవ్విన ఆ కందకంలోనే మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు నిలువుగా దించి, పై అంచు నేల మీదికి కాస్త కనబడేలా ఉంచి మట్టి పూడ్చండి. ఎవరు చెప్పినా వేర్ల మీద యాసిడ్, ఉప్పు మాత్రం పోయొద్దు. చచ్చిన చెట్టు ఇంకా ప్రమాదం.

ఫుట్‌పాత్ మీది చెట్టు మీది కాదు. సొంత స్థలంలోదైనా, కొన్ని జాతులు తప్ప, కొట్టాలంటే 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసర్ (ఈ పని చూసే అటవీ అధికారి) అనుమతి కావాలి. అర్జీతో పాటు బీట ఫోటోలు, ఇంజినీర్ రిపోర్టు జతచేయండి.

ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేనివి గోడ సందుల్లో మొలిచే రావి, మర్రి మొక్కలు. పక్షి రెట్టలతో వచ్చిన గింజలవి. నాలుగాకులున్నప్పుడే వేరుతో సహా పీకి, సందును సిమెంటుతో పూడ్చేయండి. పైన తుంచి వదిలేస్తే మళ్లీ చిగురేస్తాయి.