మీ కాలేజీ టీమ్ బొమ్మ ఎప్పటిదో ఇలా వెతకండి

జెర్సీ మీద పులో, గద్దో, వరాహమో ఉంటుంది కదా, అది ఎప్పుడొచ్చింది, దానికి ముందు ఏముండేది అని తెలుసుకోవాలంటే ముందు ఆటలు చూసుకునే పీడీ సార్ గదికి వెళ్లండి. గోడ మీది గ్రూప్ ఫొటోల్లో మొహాలు కాదు, బనియన్ల మీద ఛాతీ దగ్గర చూడండి. ఫొటో కింద సంవత్సరం రాసి ఉంటే అదే మీ మొదటి ఆధారం. ఫొటోను ఫోన్‌లో తీసి జూమ్ చేస్తే సన్నటి గీతలు కూడా బాగానే కనిపిస్తాయి.

తర్వాత లైబ్రరీలో పాత వార్షిక సంచికలు అడగండి. వరంగల్‌లో ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది, అంతకుముందు ఇక్కడి కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి, కాబట్టి పాత కప్పుల మీద ఉస్మానియా పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీ కూడా 2002లోనే ఎన్‌ఐటీ అయింది, పేరును బట్టి కాలం పట్టేయొచ్చు.

బొమ్మను కూడా దగ్గరగా చూడండి. వరాహం కాకతీయుల రాజలాంఛనం, అందుకే మన దగ్గర అది కనిపిస్తే ఆశ్చర్యం లేదు. జింక ఉంటే కొమ్ములు చూడండి: మెలికలు తిరిగితే కృష్ణజింక, ఉమ్మడి రాష్ట్ర జంతువు, కొమ్మల్లా చీలి, ఒంటి మీద చుక్కలుంటే 2014లో తెలంగాణ ఎంచుకున్న జింక. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

చివరగా పాత కెప్టెన్లకు ఫోన్ చేయండి, వాళ్లు చెప్పింది ఫొటోతో సరిచూశాకే రాసుకోండి.